ఒక మాట, మూడు అర్థాలు: వాతావరణ పాఠములపై విమర్శ

భూమిని ఆవరించిన గాలి వాతావరణము. రేపు వాన పడునో లేదో చెప్పునది వాతావరణ శాఖ. ముప్పది ఏండ్ల సగటు మారినచో అది ‘వాతావరణ మార్పు’. ఒకే మాట మూడు పనులు చేయుచుండగా విద్యార్థి దేనిని పట్టుకొనును? భూగోళ పాఠములలో ‘శీతోష్ణస్థితి’ అను మాట ఉండనే ఉన్నది. కొంత బరువైనదే, ఒప్పుకొందును. అయినను కరపత్రములు దానిని విడిచివేయుట పొరపాటు.

ఇది పండితుల పట్టింపు కాదు. 2020 అక్టోబరు 13న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని ఘట్‌కేసరులో సుమారు 32 సెంటీమీటర్ల వాన కురిసినది. ‘ఇదే వాతావరణ మార్పు’ అని పాఠము ముగించుట సులభము. కాని ఒక్కనాటి వాన శీతోష్ణస్థితి కాదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము ఎక్కువ ఆవిరిని ఇముడ్చుకొనగలదు; కుండపోత వానలకు అవకాశము పెరుగును. అంతవరకే శీతోష్ణస్థితి. ఆ నీరు చెరువు చేరక ఇండ్లలో దూరినచో వాగు ఏమైనది, అలుగు ఏమైనది, శిఖం భూమి ఏమైనది అని అడుగవలెను. శామీర్‌పేట చెరువుకట్టపై పిల్లలను నిలిపి అడుగవలసిన ప్రశ్న అది. రెంటిని ఒకే మాటలో మూటగట్టినచో, కాలువ పూడ్చినవానికి మన పాఠమే సాకు.

ఎండను గూర్చిన కరపత్రముల తీరు వేరు. 2015 వేసవిలో దేశమున రెండువేలకు పైగా ప్రాణములు పోయినవి. వారిలో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రములవారే. ‘పగలు 12 నుండి 3 వరకు ఎండలో తిరుగవద్దు’ అను సలహా సరియైనదే. మేడ్చల్‌లో స్లాబు వేయుచున్న కూలీ దానితో ఏమి చేయును? శ్రమ పనులను చల్లని వేళలకు మార్చుడని యజమానులకు చెప్పు సూచనయు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఇచ్చినదే. గోడకు అంటించుటకు ఆ వాక్యమును ఎన్నుకొనువారు అరుదు! ఒడియా, హిందీ మాత్రమే ఎరిగిన కూలీలున్నచోట ఆ భాషలలోను అంటించవలెను.

మైదానములలో వడగాడ్పు ప్రకటించుటకు ఉష్ణోగ్రత కనీసము 40 డిగ్రీలు చేరి, సాధారణముకంటె 4.5 డిగ్రీలైనను మించవలెను. లేదా 45 చేరవలెను. ఆ కొలత నీడలో, గాలియాడు తెల్లని పెట్టెలో తీసినది. ఎండలో ఇనుపచువ్వల నడుమ ఒంటికి తగులు వేడి అది కాదు. తేమ పెరిగినచో 40 చేరకమునుపే ప్రమాదము. బడి వరండాలో రెండు ఉష్ణమాపకములు వ్రేలాడదీసి, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి, రెండంకెలను ప్రతిదినము బల్లపై వ్రాయించవచ్చును. అవి దగ్గరపడిన దినమున చెమట సులభముగా ఆరదు.