అగస్టీను 'కన్ఫెషన్సు' : పాపస్వరూపము, కృపావశ్యకత

మానవుని పాపస్వభావమును గూర్చియు, భగవత్కృప యొక్క ఆవశ్యకతను గూర్చియు క్రైస్తవ వాఙ్మయమున వెలసిన గ్రంథములలో అగస్టీను రచించిన 'కన్ఫెషన్సు' అగ్రగణ్యము. ఇతడు క్రీ. శ. 354లో ఉత్తరాఫ్రికాయందలి తగస్తె పట్టణమున జన్మించెను. 387లో మిలాను నగరమున ఆంబ్రోసు చేత బాప్తిస్మము పొందెను. పిదప హిప్పో నగరమునకు బిషప్పై 430లో మరణించెను. 397 ప్రాంతమున లాటిను భాషలో ప్రారంభించిన ఈ గ్రంథమున 13 పుస్తకములు గలవు. మొదటి తొమ్మిదింట పూర్వజీవితము, పదవదానిలో రచనాకాలము నాటి మనఃస్థితి, తక్కిన మూడింట కాలతత్త్వము, సృష్టివిచారము ప్రతిపాదితములు. తల్లియైన మోనికా మరణముతో కథ ముగిసినది గనుక తరువాతి భాగము అతుకువలె నున్నదని కొందరు విమర్శకులు ఆక్షేపించిరి. పదవ పుస్తకము విషయమున మాత్రము ఈ ఆక్షేపము నిలువదని మా యభిప్రాయము. గ్రంథకర్త దృష్టిలో పాపమనగా నేమో తెలిసినచో, ఆ పుస్తకము లేక గ్రంథము పూర్తి కాజాలదని తేటపడును.

గ్రంథనామమునకు మూలమైన లాటిను పదమునకు పాపమును ఒప్పుకొనుట యనియు, భగవంతుని స్తుతించుట యనియు రెండర్థములు గలవు. ఆద్యంతము రచన భగవంతుని సంబోధించియే సాగినది. ధూర్జటి కాళహస్తీశ్వర శతకమును, కంచెర్ల గోపన్న దాశరథీ శతకమును చదివిన మనకు ఈ పద్ధతి పరిచితమే. కాని పరిచయమే ఒక్కొక్కయెడ మనలను తప్పుదారి పట్టించును. పాపమనగా చేసిన పనియనియు, అది పుణ్యమువలెనే లెక్కకు వచ్చుననియు, అనుభవముచేతనో ప్రాయశ్చిత్తముచేతనో తరుగుననియు మన వ్యవహారము. అగస్టీను విచారణ వేరొకచోట మొదలగుచున్నది.

రెండవ పుస్తకమునందలి బేరిపండ్ల దొంగతనము దీనికి నిదర్శనము. పదునారేండ్ల ప్రాయమున అతడు చెలికాండ్రతో గూడి, రాత్రివేళ పొరుగుతోటలోని చెట్టును దులిపి పండ్లు మోసికొనిపోయెను. అవి రూపముననో రుచిననో ఆశపెట్టునవి కావు. అంతకంటె మేలైన పండ్లు అతని యింటనే కలవు. తెచ్చినవానిలో అధికభాగము పందులకు పారవేసిరి. లోకమున నేరమునకు ఆకలియో, పగయో, లాభమో కారణముగా చూపుదురు. ఇచ్చట అట్టి కారణమేదియు లేదు. కూడనిది యనుటయే దాని రుచి. స్వల్పమైన ఈ యుదంతమును అనేకాధ్యాయముల పర్యంతము పరీక్షించుట అతిశయోక్తి యని తోచవచ్చును. కాని ప్రయోజనము శూన్యమైనచోటనే సంకల్పము యొక్క వంకర స్పష్టముగా కనబడును. కావుననే అతడు ఘోరకృత్యమును గాక క్షుద్రకృత్యమును ఎన్నుకొనెను. కృత్యము చిన్నది, అది బయటపెట్టిన రోగము చిన్నది కాదు.

ఎనిమిదవ పుస్తకమున ఈ రోగము యొక్క స్థానము నిర్ణీతమైనది. 386లో మిలాను తోటలో అగస్టీనునకు సత్యమేదియో తెలియును. ఐనను అడుగు ముందునకు పడదు. మనస్సు ఆజ్ఞాపించినచో చేయి కదలును. మనస్సు తన్ను తాను ఆజ్ఞాపించుకొన్నచో లోబడదు. తన్ను బంధించినది పరులు వేసిన సంకెల కాదనియు, తన యిచ్ఛయే సంకెలయైనదనియు అతడు వర్ణించెను. చెడిన కోరిక అలవాటుగను, అలవాటు అవశ్యకముగను మారిన క్రమము ఇందు కలదు. అజ్ఞానమే బంధహేతువైనచో జ్ఞానముతో విడుదల కలుగవలెను. ఇచ్చట జ్ఞానము కలదు, విడుదల లేదు. రోగమున్నది సంకల్పమునందే యైనప్పుడు, ఆ సంకల్పమే వైద్యుడు కాజాలదు. కృప యనునది చేసిన తప్పులకు క్షమాపణ మాత్రమే కాదు, చీలిన యిచ్ఛకు చికిత్స యని ఈ ఘట్టము యొక్క తాత్పర్యము.

చికిత్స ఒక్కనాటితో ముగిసెనా? ముగియలేదని చెప్పుటకే పదవ పుస్తకము పుట్టినది. బాప్తిస్మము పొంది పదేండ్లు గడచిన బిషప్పు తన స్వప్నములలోని కామమును, ఆకలి తీరినను ఆగని జిహ్వచాపల్యమును, దేవాలయగానమున అర్థమును మించి స్వరమునకు లోబడు చెవిని పరీక్షించుచున్నాడు. పొలమున కుందేలును తరుము కుక్కను చూచినను, ఇంట ఈగను పట్టు బల్లిని చూచినను మనస్సు అటే పోవుచున్నదని ఒప్పుకొనుచున్నాడు. పొగడ్తయందలి ప్రీతి అన్నింటికంటె దుస్తరమైనది. తొమ్మిదవ పుస్తకముతోనే ఆగినచో ఇది పతితుడు పావనుడైన కథ యగును. పదవ పుస్తకము చేరుటచే, పావనుడైనవానికిని దినదినమును కృప కావలెనను సిద్ధాంతము కావ్యరూపము దాల్చినది.

పెలాగియసు అను తపస్వికి అసహ్యమైనదియు ఈ పుస్తకములోని ప్రార్థనయే. భగవంతుడు ఆజ్ఞాపించుటయే గాక ఆ యాజ్ఞను పాలించు శక్తిని గూడ తానే ప్రసాదింపవలెనని దాని భావము. రోములో ఒక బిషప్పు దానిని ఉదాహరింపగా పెలాగియసు సహింపలేకపోయెనని అగస్టీనే పిమ్మట వ్రాసెను. శక్తి లేనివానిని ఆజ్ఞాపించుట న్యాయమా, చేతగానివానిని నిందించుట ధర్మమా అనునవి పెలాగియసు వాదమునకు ఆధారమైన ప్రశ్నలు. 418లో కార్తేజి సభ అతని వాదమును ఖండించినను, ప్రశ్నలు మాత్రము నశింపలేదు. అగస్టీను తన పక్షమునకు ఆధారముగా గొనిన రోమా పత్రిక 5వ అధ్యాయము 12వ వచనమున, 'ఏలయనగా' అను అర్థము గల గ్రీకు పదబంధము లాటిను అనువాదమున 'ఎవనియందు' అని మారినది. ఆదామునందే అందరును పాపము చేసిరని అతడు గ్రహించుటకు ఈ పాఠము తోడ్పడినది. గ్రీకు సంఘాచార్యులు మర్త్యత్వము సంక్రమించెననిరే కాని, అపరాధము సంక్రమించెనని అంత గట్టిగా చెప్పలేదు. ఒక విభక్త్యర్థముపై ఎంత భారము మోపబడెనో భాషాశాస్త్ర విద్యార్థులు గమనింపదగును.

మన వైష్ణవ సంప్రదాయమునందలి మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయములను ఇచ్చట ఉదాహరించుట సహజము. తల్లిని తానే పట్టుకొను కోతిపిల్ల ప్రయత్నమునకును, తల్లి నోట కరచుకొనిపోవు పిల్లికూన నిర్భరత్వమునకును సంకేతములు. అగస్టీను పిల్లికూన పక్షమువాడని మాత్రము చెప్పి ఊరకుండుట చాలదు. ఆ న్యాయమున కూన నిస్సహాయమే కాని తల్లికి విముఖము కాదు. అగస్టీను కూన తల్లినుండి పారిపోవుచుండును. తల్లికొరకు అరచు ఆ అరపు గూడ తల్లి యిచ్చినదే. సామ్యమును చూచు పరిశోధకుడు ఈ భేదమును విడువరాదు.

గ్రంథమున ఒక లోపమును గూడ చెప్పవలసియున్నది. అనేక సంవత్సరములు తనతో కాపురముండి, కుమారుని కన్న స్త్రీని, వేరొక వివాహము నిశ్చితమైనందున అగస్టీను ఆఫ్రికాకు పంపివేసెను. ఆమె మరియొక పురుషుని ఎరుగనని మ్రొక్కుకొని, కుమారుని అతనియొద్ద విడిచి వెళ్ళెను. ఆరవ పుస్తకమున దీనికి దక్కినవి కొన్ని పంక్తులు. తన హృదయము గాయపడి నెత్తురోడెనని అతడు చెప్పెను. ఆమె పేరు చెప్పలేదు. ఈ మౌనము లజ్జవలన గాని, గౌరవమువలన గాని కలిగియుండవచ్చును. ఐనను ఎవరికిని పెద్ద నష్టము లేని పండ్లకు అధ్యాయములును, నిండు జీవితమునకు పంక్తులును దక్కుట విచార్యము. పాపమును భగవంతునికిని సంకల్పమునకును నడుమ వ్యవహారముగా చూచు దృష్టికి లోని రోగము లోతుగా కనబడును. ఆ రోగముచే దెబ్బతిన్న రెండవ మనిషి దూరమగును. ఇది కృపాసిద్ధాంతమునకు అనివార్యమైన దోషము కాదు. సోదరునితో సమాధానపడి పిమ్మట అర్పణము చేయుమని సువార్తయే విధించినది. దోషము ఈ గ్రంథము యొక్క కూర్పునందున్నది.

తెలుగున 'పాపము' అను మాటను దోషమునకును, జాలి తెలుపుటకును గూడ వాడుదుము. చేసినవానిపై నింద, పడినవానిపై దయ ఒక్క పదమున ఇమిడినవి. అగస్టీను తన యెడల ఈ రెండర్థములను కలిపి చూపగలిగెను. బాధ్యతను ఇసుమంతయు తగ్గింపక నిస్సహాయతను ఒప్పుకొనుట అతని ఘనత. భక్తి శతకములతో దీనిని పోల్చదలచువారు కృప, దయ, కరుణ మున్నగు పదములు ఎన్నిమారులు వచ్చెనో లెక్కించుటతో తృప్తిపడరాదు. కవి దేనిని రోగమనుకొనెను, ఆ రోగమువలన తాను గాక మరెవరు బాధపడిరి, వారికి కావ్యమున చోటెంత యను ప్రశ్నలను ఉభయత్ర వేయవలెను. అప్పుడే పోలిక పరిశోధనమగును.