స్టైలస్ కాడను కూడా కొలవండి

"తెర మీద స్టైలస్ బొమ్మ ఎట్లుంటే ఏంది అన్నా, క్యాలిబ్రేషన్ల అంతా సెట్ అయితది." హైదరాబాద్ బాలానగర్ షాపుల్లో కొత్తగా చేయించుకున్న స్టైలస్‌ను సీఎంఎం సాఫ్ట్‌వేర్‌లో చేర్చాల్సి వచ్చినప్పుడల్లా కుర్రాళ్ల నోట వినిపించే మాట ఇది. బిగించిన స్టైలస్ లిస్టులో కనబడదు. దగ్గరదగ్గరగా ఉన్న ఇంకోదాన్ని ఎంచుకుని పని కానిచ్చేస్తారు. వాళ్ల మాటలో సగం నిజం ఉంది. ఆ సగమే మనల్ని ముంచుతోందని నా అభిప్రాయం.

సీఎంఎం చూడనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. గ్రానైట్ బల్ల మీద జాబ్‌ను బిగిస్తాం. పైనుంచి ప్రోబ్ దిగి, స్టైలస్ కొసనున్న చిన్న రూబీ బాల్‌తో జాబ్‌ను అక్కడక్కడా తాకుతుంది. తాకిన ప్రతిచోటా మెషీన్ ఎక్స్, వై, జెడ్ విలువలు పట్టుకుంటుంది. బోర్ వ్యాసమైనా, గాడి లోతైనా సాఫ్ట్‌వేర్ లెక్క కట్టేది ఆ బిందువుల నుంచే. తనకు ఏ స్టైలస్ బిగించారో మాత్రం మెషీన్‌కు కనబడదు. మనం రాసిందే దానికి తెలుసు.

లిస్టులో ఉండేవి అమ్మకానికి దొరికే రకాలు. మన దగ్గరికి వచ్చే జాబులు కేటలాగ్ చూసి రావు. ఒక వాల్వ్ బాడీ సంగతే తీసుకోండి. 12 మి.మీ. బోర్, లోపల 60 మి.మీ. కిందకు 3 మి.మీ. వెడల్పు గాడి. ఆ గాడి పై అంచు ఎక్కడుందో డ్రాయింగ్ అడుగుతుంది. నిటారు స్టైలస్ అక్కడికి అందదు. అందుకని ఎల్ ఆకారంలో వంచిన స్టైలస్ చేయిస్తాం. 3 మి.మీ. కార్బైడ్ కాడ, కింద పక్కకు తిరిగిన సన్నటి చెయ్యి, దాని కొసన 1.5 మి.మీ. బాల్. బాల్ కేంద్రం కాడ నడిమి నుంచి 4 మి.మీ. పక్కన ఉంటుంది. ఇలాంటిది ఏ లిస్టులోనూ ఉండదు.

సీఎంఎం సాఫ్ట్‌వేర్ అయిన పీసీ-డిమిస్‌లో దీన్ని చేర్చడానికి విడిగా ఒక ఫైల్ ఉంది. కంపెనీ ఇచ్చే భాగాలన్నీ ప్రోబ్ డాట్ ఫైల్‌లో ఉంటాయి, మన సొంతవి యూజర్ ప్రోబ్ డాట్‌లో రాసుకోవాలి. రెండూ మామూలు టెక్స్ట్ ఫైళ్లే. మర ఎక్కడ కూర్చుంటుందో అక్కడ సున్నా. అక్కడి నుంచి కిందికి ఎంతవరకు సిలిండర్, దాని వ్యాసం ఎంత, ఎక్కడ వంపు తిరిగింది, బాల్ కేంద్రం ఎక్కడ, ఏ మరకు తగులుకుంటుంది... ఒక్కొక్కటీ అంకెలుగా పెట్టాలి. ఈ పని నాకు చాలా ఇష్టం. స్టైలస్‌ను ప్రొఫైల్ ప్రొజెక్టర్ కింద పెట్టి, తెర మీద దాని నీడ చూస్తూ ఒక్కో కొలతా రాసుకుంటుంటే అది మనకు పూర్తిగా పరిచయమవుతుంది. ఇక్కడ రెండుచోట్ల జాగ్రత్త పడాలి. మొదటిది, పొడవు అంటే బాల్ కేంద్రం వరకు, కింది కొస వరకు కాదు. రెండోది, వంచిన స్టైలస్‌ను బిగించాక మర ఎక్కడ ఆగితే చెయ్యి అటే తిరిగి ఉంటుంది. ఆ కోణాన్ని కూడా సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి.

ఇక క్యాలిబ్రేషన్ సంగతి. వ్యాసం ముందే సర్టిఫై చేసిన గోళాన్ని ప్రోబ్ చుట్టూతా తాకి, బాల్ కేంద్రం నిజంగా ఎక్కడుందో, బాల్ ఎంత సైజుగా పనిచేస్తోందో తేలుస్తుంది. తాకగానే సిగ్నల్ ఇచ్చే టచ్ ట్రిగ్గర్ ప్రోబ్‌లో 2 మి.మీ. బాల్ 2 కంటే కాస్త తక్కువగా తేలుతుంది. తాకిన క్షణానికీ సిగ్నల్ వచ్చే క్షణానికీ మధ్య కాడ వంగినంత మేరా అందులో కలిసిపోతుంది కాబట్టి అది తప్పు కాదు, అలాగే రావాలి. కుర్రాళ్ల మాట ఇంతవరకు ఒప్పే.

కానీ కాడను ఎవరు క్యాలిబ్రేట్ చేస్తున్నారు? గోళం కాడను తాకదు. లోతైన బోర్‌లో బాల్ కన్నా ముందు కాడ గోడకు తగిలితే మెషీన్ దాన్నీ తాకుడుగానే రాసుకుంటుంది. బోర్ చిన్నదని రిపోర్టు వస్తుంది. ఎర్ర దీపం వెలగదు, తెర మీద హెచ్చరికా రాదు. మంచి జాబ్ రిజెక్ట్ అవుతుంది, లేదా టర్నింగ్ చేసే మనిషి ఆఫ్‌సెట్ మార్చేసి తర్వాతి జాబులన్నీ పాడుచేస్తాడు. ఫైల్‌లో కాడ మందం సరిగ్గా ఉంటే, ప్రోగ్రాం రాసేటప్పుడే ఢీకొనే చోట్లను తెర మీద చూసుకోవచ్చు. క్యాలిబ్రేషన్‌కు ముందు కూడా మెషీన్ మనం రాసిన పొడవును నమ్మే గోళం దగ్గరికి వెళ్తుంది. అసలు స్టైలస్ అంతకంటే పొడవుంటే నేరుగా వెళ్లి గుద్దుకుంటుంది.

ఈ టచ్ ట్రిగ్గర్ ప్రోబ్ పుట్టిందే ఇలాంటి అవసరం నుంచి. కాంకార్డ్ విమానానికి వాడిన ఒలింపస్ ఇంజన్ల సన్నటి ఇంధన గొట్టాలను కొలవబోతే, అప్పటి గట్టి ప్రోబ్‌లు వాటిని నొక్కి పక్కకు జరిపేసేవి. రోల్స్ రాయిస్‌లో పనిచేస్తున్న డేవిడ్ మెక్‌మర్ట్రీ 1972లో, తాకీతాకగానే సిగ్నల్ ఇచ్చే ప్రోబ్‌ను తయారుచేశాడు. మరుసటి ఏడాదే జాన్ డీర్‌తో కలిసి రెనిషా కంపెనీ పెట్టాడు. ఒక్క పని కోసం చేసుకున్న ఆ పనిముట్టు ఇవాళ ప్రపంచమంతటా ఉంది. అందుకే షాపులో చేసుకున్న స్టైలస్‌ను తాత్కాలిక సర్దుబాటుగా చూడటం నాకు నచ్చదు.

పీసీ-డిమిస్ తయారుచేసే హెక్సాగాన్‌కు మన హైదరాబాద్‌లోనే పెద్ద సెంటర్ ఉంది. అయినా నా బల్ల మీది స్టైలస్ కొలతలు వాళ్లకెలా తెలుస్తాయి? అది మన వంతు పని. క్వాలిటీ విభాగం చూసే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. కొత్త స్టైలస్ వచ్చినరోజు దాన్ని సాఫ్ట్‌వేర్‌లో చేర్చే కుర్రాడిని డిస్పాచ్ పేరుతో తొందరపెట్టకండి, కూర్చుని కొలవనివ్వండి. రాసిన పేరులోనే బాల్ సైజు, పొడవు, కాడ మందం ఉండేలా చూడండి, నైట్ షిఫ్ట్ మనిషి పేరు చూసే ఎంచుకుంటాడు. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేసేముందు, కంప్యూటర్ మార్చేముందు యూజర్ ప్రోబ్ ఫైల్‌ను కాపీ చేసి వేరేచోట దాచండి.