అరువు గొంతు ఒప్పుకోని నటి

తొలి టాకీల్లో పాట తీయడమంటే అందరికీ గుండె దడే. హార్మోనియం, తబలా, ఫిడేలు వాయించేవాళ్లు కెమెరాకు కనపడకుండా చెట్టు చాటునో గోడ వెనకో కూర్చునేవారు. మైకు తల మీద ఎక్కడో వేలాడుతుండేది. నటి నడవాలి, ఏడవాలి, శ్రుతి తప్పకుండా పాడాలి, మైకుకు దూరం జరగకూడదు. చివరి చరణంలో తప్పు దొర్లినా మళ్లీ మొదటికి.

ఈ విద్యకు పుట్టినిల్లు మన పద్యనాటకం. మైకుల్లేని రోజుల్లో వెనక నిలబడ్డవాడికి కూడా వినపడేలా పద్యాన్ని పైశ్రుతిలో ఎత్తుకునేవారు. సమాసం మధ్యలో విరగకుండా, అర్థం ఆగే చోటు చూసుకుని ఊపిరి తీసుకునేవారు. రాగం ఎంత సాగినా మొహంలో కోపమో శోకమో చెదరకూడదు. పాడటం వేరు, నటించడం వేరు అనే మాటే వాళ్లకు తెలియదు.

ఒంగోలు వైపు దొడ్డవరంలో పుట్టిన భానుమతి ఆ సంప్రదాయం గుమ్మంలోకి అడుగుపెట్టింది 1939లో. సి. పుల్లయ్య తీసిన ‘వరవిక్రయం’లో కాళింది వేషం. కాళ్లకూరి నారాయణరావు నాటకమే ఆ సినిమాకు మూలం. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య దగ్గర నేర్చిన సంగీతం అప్పటికే ఆమె గొంతులో ఉంది.

తర్వాత కొద్ది ఏళ్లకే నేపథ్యగానం వచ్చింది. పాట ముందే రికార్డయిపోతుంది, సెట్లో పెదవులు కదిపితే చాలు. పాట రాని నటులకు అది వరం. పి. లీల, పి. సుశీల లాంటి గాయనులు మనకు దక్కింది దానివల్లే, ఆ మేలు తక్కువది కాదు. భానుమతి మాత్రం తన పాట తానే పాడుతూ వచ్చారు. ఆమె తెగువల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఇదే. గొంతు అరువు తెచ్చుకుంటే ఏ పాత్రకు కావలసిన గొంతు ఆ పాత్రకు దొరుకుతుంది. సొంత గొంతుతో నిలబడితే పాత్ర నప్పకపోయినా, పాట నప్పకపోయినా నింద నటిదే.

పెళ్లయ్యాక ఆమె ఒప్పుకున్న ‘స్వర్గసీమ’ (1945) చూడండి. బి.ఎన్. రెడ్డి ఆమెకిచ్చింది పెళ్లయినవాణ్ణి ఇల్లు విడిచి వచ్చేలా చేసే సుజాత పాత్ర. కుటుంబ స్త్రీ వేషాలకు అలవాటుపడ్డ ప్రేక్షకుల ముందు అలాంటి వేషం కట్టడమే కష్టం. పైగా ఆ కవ్వింపు కూడా ఆమె గొంతులోంచే రావాలి. వచ్చింది. శాస్త్రీయ సంగీతం నేర్చిన గొంతు గమకాలను పక్కన పెట్టి గారాలు పోయింది.

1953లో ‘చండీరాణి’కి దర్శకురాలయ్యారు. ద్విపాత్రాభినయం తనదే, అదీ తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో. ఒక్క భాషలో సినిమా పూర్తిచేయడానికే నిర్మాతలు అప్పులపాలయ్యే కాలమది. అన్నీ ఇలా కలిసిరాలేదు. కొంత చిత్రీకరణ జరిగాక ‘మిస్సమ్మ’ వేషం విభేదాల వల్ల చేజారి సావిత్రికి వెళ్లింది. ఆ సినిమాలో సావిత్రికి పాడింది లీల. సావిత్రి కళ్లు, లీల గొంతు కలిసి ఒక మనిషయ్యాయి. అదీ గొప్పే, కానీ అది వేరే విద్య.

భానుమతి విద్య చూడాలంటే ‘మల్లీశ్వరి’ (1951) చూడాలి. రాజేశ్వరరావు బాణీల్లో ఆమె ఏ పదం దగ్గర ఊపిరి పట్టారో, నటించేటప్పుడు ఆ పదం దగ్గరే మెడ నిలుస్తుంది. సంగతి వేసేచోట కనుబొమ ముందుగా కదులుతుంది. పాడినవారే నటించినందువల్ల వచ్చిన పొందిక అది. ఎంత సాధన చేసినా అరువు గొంతుతో ఇది పూర్తిగా రాదని నా నమ్మకం.

తన జీవితాన్ని ఆమె ‘నాలో నేను’ పేరుతో రాసుకున్నారు. మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు. ఇప్పుడు నటన నేర్చుకుంటున్న పిల్లలకు నాదొక్కటే విన్నపం: ‘మల్లీశ్వరి’ని ఒకసారి శబ్దం ఆపేసి చూడండి, వెంటనే మరోసారి శబ్దంతో చూడండి.