ఊపిరి లెక్క

గుండె జబ్బున్న బిడ్డ తల్లికి ఫోన్ చేసి "బాబు ఎలా ఉన్నాడమ్మా?" అంటే వచ్చే జవాబు ఒక్కటే: "బాగనే ఉన్నడు మేడమ్." పక్కనే బిడ్డ ఆయాసపడుతున్నా అదే మాట. అబద్ధమేం కాదు. పుట్టినప్పట్నుంచీ అలాగే చూస్తోంది కనుక ఆమెకి ఆ ఆయాసం మామూలే. పైగా ఫోన్ చేసింది ఆస్పత్రి తరఫు మనిషి. కష్టం చెప్పుకుంటే ఏమనుకుంటారో అన్న జంకొకటి. అందుకే మాకు నేర్పిన మొదటి పాఠం, ఆ ప్రశ్న అడగొద్దని.

"పాలు ఒక్క పట్టున తాగుతున్నాడా, మధ్యలో వదిలేసి రొప్పుతున్నాడా?" అనడగాలి. "తాగేటప్పుడు నుదుట చెమట పడుతోందా?" అనడగాలి. "పోయిన నెల తొడిగిన చొక్కా ఇంకా వదులుగానే ఉందా?" అనడగాలి. వీటికి "బాగనే" అంటే కుదరదు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక, పిల్లల గుండె విభాగంలో సాయపడే మా చిన్న బృందానికి మిగిలింది ఈ ప్రశ్నలే. అంతకుముందు మా పని వేరు. ఎకో గదికి దారి చూపడం, ఆరోగ్యశ్రీ కాగితాలు వరసలో పెట్టించడం, ఆపరేషన్‌కి రక్తం ఇచ్చేవాళ్లని పోగేయడం, ఐసీయూ బయట పొద్దుట్నుంచీ కూర్చున్న నాన్నమ్మకి ఇంత టీ ఇప్పించడం. బస్సులూ రైళ్లూ ఆగాయి, కాలేజీలు మూతపడి రక్తదాన శిబిరాలు పోయాయి. ఆగగలవనుకున్న ఆపరేషన్లన్నీ వాయిదా వేశారు. ఆ వేసవిలో దేశంలోని పిల్లల గుండె కేంద్రాల్లో ఆపరేషన్లు అంతకుముందు ఏడాదితో పోలిస్తే సగానికి పైగా పడిపోయాయి.

అందరూ ఆగలేరు, అదే చిక్కు. మన దేశంలో ఏటా సుమారు 2 లక్షల మంది పిల్లలు గుండె లోపంతో పుడతారని అంచనా. వాళ్లలో ఐదోవంతు మందికి ఏడాది నిండకుండానే చికిత్స కావాలి. గుండె గదుల మధ్య చిన్న చిల్లు దానంతటదే పూడుకోవచ్చు. పై గదుల మధ్య చిల్లయితే మూడు నాలుగేళ్లు ఆగినా సాధారణంగా ఇబ్బంది ఉండదు. కింది గదుల మధ్య పెద్ద చిల్లున్న బిడ్డ సంగతి అలా కాదు. ఎక్కువ రక్తం ఊపిరితిత్తుల మీద పడి, ఆలస్యమైతే అక్కడి నాళాలు గట్టిపడిపోతాయి. ఆ తర్వాత ఎంత పెద్ద సర్జనైనా ఆ చిల్లు మూయడానికి ఒప్పుకోడు. ఎవరు ఆగగలరు, ఎవరు ఆగలేరు అన్నది డాక్టర్లు తేల్చాలి. వాళ్లకి కావలసిన కబురు మేం ఫోన్లో రాబట్టాలి.

అందులో నాకు బాగా అబ్బిన పని, ఊపిరి లెక్క. బిడ్డ నిద్రలో ఉండాలి. చొక్కా పైకి తీసి, ఫోన్ స్పీకర్లో పెట్టి పక్కన ఉంచమంటాం. పొట్ట లేచి దిగితే ఒకటి. తల్లి పైకి లెక్కపెడుతుంది, ఇవతల నేను గడియారం చూస్తాను. నిండు నిమిషం చూడాలి. అరనిమిషం చూసి రెట్టింపు చేయకూడదు, పసివాళ్ల ఊపిరి ఒకే తీరున నడవదు. రెండు నెలల్లోపు 60, ఏడాదిలోపు 50, ఆపైన ఐదేళ్ల దాకా 40. ఆ అంకె తాకితే డాక్టరుకి చెప్పాల్సిందే. న్యుమోనియా పసిగట్టడానికి ఆశా కార్యకర్తలకు నేర్పే లెక్కే ఇది.

కల్వకుర్తి వైపు పల్లెలో ఒకావిడ, ఐదు నెలల కొడుకు. ముప్పై దాకా గట్టిగా చెప్పింది. నలభై దాటేసరికి గొంతు తగ్గింది. యాభై దగ్గర ఆగి, "ఇంక నిమిషం గాలేదా మేడమ్?" అంది. కాలేదు. 58 దాకా వెళ్లింది. అంతవరకూ ఆ ఇంట్లో బాబు "బాగనే" ఉన్నాడు.

దేశం మూతపడ్డ రోజునే కేంద్ర ప్రభుత్వం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఫోన్లో, వీడియోలో చూసి మందు రాయడానికి డాక్టర్లకి పద్ధతంటూ ఏర్పడింది. అందుకే, కల్వకుర్తి బాబు ఊపిరి లెక్కపెట్టిన సాయంత్రమే డాక్టరుగారు వీడియోలో బిడ్డని చూసి మందు మార్చారు. వెంటనే తీసుకురమ్మన్నారు. లాక్‌డౌన్‌లో ప్రయాణానికి పాస్ వచ్చింది గానీ బండి దొరకలేదు. చివరికి సర్పంచి తన కారిచ్చి పంపాడు. బిడ్డ కాస్త కుదుటపడి, ఒళ్లు చేశాక ఆగస్టులో ఆపరేషన్ అయింది.

మందుల్లోనూ ఇలాంటి తిరకాసే. "వేస్తున్నారా?" అని అడిగితే వేస్తున్నామనే అంటారు. "సిరంజిలో ఏ గీత దాకా తీస్తున్నారో వీడియోలో చూపించమ్మా" అంటే అసలు సంగతి బయటపడుతుంది. మోతాదు గురించి మేం నోరు విప్పకూడదు. చూసింది చూసినట్టు నర్సుకి చెప్పడం వరకే మా హద్దు. గుండె లోపం వల్ల ఒళ్లు నీలంగా మారే నీలిపిల్లల తల్లులకి ఇంకో పాఠం ఉండేది. బిడ్డ ఏడ్చి ఏడ్చి పెదాలు నల్లబడితే ఒళ్లోకి తీసుకుని మోకాళ్లు ఛాతీకి ఆనించి పట్టుకోవాలి, వెంటనే ఆస్పత్రికి కబురు చేయాలి. ఏప్రిల్ ఎండల్లో నీళ్లు తగ్గితే ఆ పిల్లల రక్తం మరీ చిక్కబడుతుంది. కనుక "ఈ పూట ఎన్నిసార్లు ఒంటికి పోశాడు?" అన్నది కూడా మా ప్రశ్నల్లో ఒకటి.

ఊరంతా లాక్‌డౌన్ అని గింజుకుంటుంటే ఈ తల్లులు మాత్రం పెద్దగా కంగారుపడలేదు. జనంలోకి తీసుకెళ్లొద్దు, జలుబున్నవాళ్లని దగ్గరికి రానివ్వొద్దు అని వాళ్లకి ముందునుంచీ చెబుతున్నదే. "ఇప్పుడు అందరూ మాలెక్కనే ఉన్నరు" అని నవ్విందొకామె. ఆ నెలల్లో మా జాబితాలోని పిల్లలకి దగ్గులూ రొంపలూ తక్కువే. చుట్టాలు రాలేదు, పెళ్లిళ్లు లేవు, అన్నలూ అక్కలూ బడి నుంచి జలుబు మోసుకురాలేదు. అదే బడులూ అంగన్‌వాడీలూ మూతపడటంతో, అక్కడ పిల్లల్ని పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య బృందాలకీ పని ఆగింది. అసలు జబ్బుందనే తెలియని పిల్లలు ఇళ్లలోనే ఉండిపోయారు. వాళ్ల ఫోన్ నంబర్లు మా దగ్గర లేవు.

ఇక నా సంగతి. హైదరాబాద్‌లో ఒక్కదాన్నే, కూతురు డాలస్‌లో. అప్పట్లో పనిమనిషిని గేటు దాటనిచ్చేవారు కాదు. దూరదర్శన్‌లో రామాయణం మళ్లీ మొదలైంది. చూస్తూ కూర్చుంటే ఇవాళ ఏ వారమో తెలిసేది కాదు. ఆ మతిమరుపు తగ్గింది ఈ ఫోన్ల వల్లే. సోమవారం ఆర్నెల్లలోపు పిల్లలు, బుధవారం నీలిపిల్లలు, శుక్రవారం ఆపరేషన్ అయినవాళ్లు. పుస్తకంలో గళ్లు గీసి, పాలు, చెమట, ఊపిరి, మందు, బరువు అని రాసుకునేదాన్ని. మధ్యాహ్నం రెండున్నరకి తల్లులకి కాస్త తీరిక చిక్కుతుందని ఆ వేళకి నేనూ వంటిల్లు సర్దేసేదాన్ని. ఒకసారి ఓ తండ్రి ఫోనెత్తి "ఇంక చేయకండి మేడమ్, అవసరం లేదు" అన్నాడు. ఆ గడిలో ఏం రాయాలో తెలియలేదు. రాత్రి ఎనిమిదింటికి బృందమంతా మాట్లాడుకునే అలవాటుండబట్టి తెల్లారి మళ్లీ ఫోన్ పట్టుకోగలిగాను. ఇలాంటి పని ఒంటరిగా చేయకూడదు.

గుండె పిల్లలకి సేవ అనగానే ఏడుస్తున్న పసివాడి ఫొటో, కింద బ్యాంకు ఖాతా నంబరు గుర్తొస్తాయి. డబ్బు అక్కర్లేదనను. అయితే 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మన దగ్గర ఆపరేషన్ ఖర్చు మునుపటంత గండం కాదు. గండమల్లా ఆలస్యం. ఆ ఆలస్యాన్ని తగ్గించేది చందా కంటే సరైన వేళకి అడిగిన సరైన ప్రశ్న అని నా అభిప్రాయం.

కాబట్టి మీరూ ఒకటి అడగండి. కోవిడ్ పుణ్యమా అని ఆక్సిమీటరంటే ఏమిటో ఇప్పుడు అందరికీ తెలుసు. మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరికైనా కాన్పయితే, బిడ్డకి ఒకరోజు నిండాక కుడిచేతికీ ఒక కాలికీ ఆక్సిజన్ చూశారా అని డాక్టర్ని అడగండి. పెద్దలు వేలికి తగిలించుకునేది పసివాళ్లకి పనికిరాదు, వాళ్లకి చుట్టే పట్టీ వేరు. కొన్ని నిమిషాల పని, సూది గుచ్చక్కర్లేదు. అన్ని లోపాలూ అందులో దొరకవు. గదుల మధ్య చిల్లు సాధారణంగా దొరకదు. వెంటనే ప్రాణం మీదికి తెచ్చే వాటిలో చాలా దొరుకుతాయి. చూడలేదంటే, ఇంటికి పంపేలోపు చూడమనండి.