ముద్ర మీద ఊరి పేరు

ఇంగ్లండు బ్రాస్ బ్యాండ్ల మీద ఏ చర్చ మొదలైనా చివరికి అక్కడికే చేరుతుంది: తయారీ పరదేశాలకు వెళ్లింది, నాణ్యత పోయింది. ఈ వారం మళ్లీ అదే మాట చదివి చిరాకేసింది. వస్తువును చూడండి, దాని మీది ఊరి ముద్రను కాదు అన్నది నా పాత పట్టుదలే. లండన్ శివారు ఎడ్జ్‌వేర్‌లో బూసీ అండ్ హాక్స్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో అక్కడి బెసన్ వాయిద్యమంటే బ్రిటిష్ బ్యాండ్లకు ప్రాణం. 2006లో బెసన్ ఫ్రాన్సుకు చెందిన బఫే క్రాంపోన్ చేతికి వెళ్లింది. ఇప్పుడు జర్మనీలో తయారవుతున్నా దాన్ని ఎవరూ పరదేశపు సరుకని ఈసడించరు. జపాన్ యమహానూ అనరు. అంటే ఫిర్యాదంతా చైనా మీద, మన దేశం మీద.

నిజానికి నాణ్యత ఉండేది వాల్వులో. పిస్టన్‌కూ దాని గొట్టానికీ మధ్య సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్క. రెంటినీ ఓపికగా అరగదీసి జత కలపకపోతే గాలి కారుతుంది, లేదా పిస్టన్ పట్టేస్తుంది. 1874లో బూసీ కంపెనీలో బ్లెయిక్లీ అనే ఆయన రూపొందించిన పద్ధతిలో, యూఫోనియం నాలుగో వాల్వు నొక్కితే గాలి మొదటి మూడు వాల్వుల గుండా మరోసారి తిరిగి వస్తుంది. ఒక్క పిస్టన్ వదులైనా నష్టం రెండుసార్లు. చవక నకళ్లు ముందు చతికిలబడేది ఇక్కడే. గొట్టాలను బలవంతంగా వంచి టంకం పెడితే ఆ అతుకూ ఎక్కువకాలం నిలవదు. ఇవన్నీ పనివాడికి ఇచ్చిన గంటలను బట్టి ఉంటాయి, దేశాన్ని బట్టి కాదు. ఇంగ్లండులో మైకేల్ రాత్ రూపకల్పన చేసిన ట్రాంబోన్లను జాన్ ప్యాకర్ సంస్థ చైనాలో చేయించి బడి బ్యాండ్లకు అందే ధరకు అమ్ముతోంది. దేశమంతటా పెళ్లి బ్యాండ్లకు వాయిద్యాలు పంపే మీరట్ జలీ కోఠీలోనూ అంతే, కొనేవాడు ఇచ్చే ధరే పనికి హద్దు గీస్తుంది.

మరి వాయించేవాళ్ల ఫిర్యాదులన్నీ అబద్ధాలా? కావు. రిపేరు చేసేవాళ్ల మాట వింటే నా వాదనకే గండి పడుతుంది. ఒకే ఫ్యాక్టరీ సరుకు నాలుగు పేర్లతో వస్తుంది, చెప్పాపెట్టకుండా మోడల్ మారుతుంది, కొత్త పిస్టన్ పాత గొట్టంలో దిగదు. ఫ్యాక్టరీ ఊళ్లోనే ఉంటే వాయించేవాడి విసుగు పనివాడి చెవిన పడేది. ఇప్పుడు మధ్యలో దిగుమతిదారు, బ్రాండు యజమాని, కాంట్రాక్టు. దూరం చెరిపేది తయారీని కాదు, తయారీ తర్వాతి బతుకును. చవకైతే పారేసి కొత్తది కొనొచ్చుగా అంటారు. కానీ బ్రిటన్‌లో వాయిద్యం చాలావరకు వాయించేవాడిది కాదు, బ్యాండుది. చందాలతో కొన్న కార్నెట్ పిల్లల చేతులు మారుతూ దశాబ్దాలు నడవాలి. అందుకే ఇప్పుడు ముద్ర మీద ఊరి పేరు చాలదంటాను. బ్రాండు పక్కనే ఫ్యాక్టరీ పేరు, తయారైన ఏడాది చెక్కాలి, ఆ ఏటి వాల్వులు ఇరవై ఏళ్ల దాకా దొరుకుతాయని రాసివ్వాలి. అది ఇవ్వని అమ్మకందారు దగ్గర, ధర సగమైనా, బ్యాండు కమిటీలు కొనకూడదు.