జయంతి, ఏకాక్షి, ఈనాటి డ్రాగన్లు

శత్రువులుగా మొదలై ప్రేమికులుగా తేలే జంట ఈ మధ్య ఇంగ్లీషు ఫాంటసీ నవలలకు పెద్ద పెట్టుబడి. రెబెకా యారోస్ 2023లో రాసిన ‘ఫోర్త్ వింగ్’ అందులో బాగా అమ్ముడైన సరుకు. యుద్ధవిద్య నేర్పే కాలేజీ, డ్రాగన్లు, వయొలెట్ అనే బక్కపిల్ల, ఆమె తల్లి మీద పగబట్టడానికి కావలసినన్ని కారణాలున్న జేడెన్ అనే కుర్రాడు. గుంటూరు బ్రాడీపేట హాస్టళ్లలో ఉండి చదువుకునే మా చుట్టాల పిల్లలు దీన్ని ఫోన్లలోనే పూర్తిచేసి, “ఇలాంటిది తెలుగులో ఒక్కటన్నా ఉందా పిన్నీ?” అంటారు. డ్రాగన్ల సంగతి తర్వాత చూద్దాం. పొగరున్న మగాడు, అభిమానం చంపుకోలేని ఆడపిల్ల, ఇద్దరూ రోజూ ఎదురుపడక తప్పని ఏర్పాటు, ఎవరూ ముందు బయటపడని పంతం: ఈ సరంజామా అంతా యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో 1960లలోనే ఉంది. జయంతికీ రాజశేఖరానికీ డ్రాగన్ లేదు. కారుంది. అప్పట్లో అది చాలు.

మన దగ్గర ఈ నవలలకు మర్యాద తక్కువ. కాలక్షేపం బఠానీలని తీసిపారేసిన మాస్టార్ల ఇళ్లలోనే అటకల మీద వాటి బైండ్లు దొరికేవి. నేను వాటిని పనితనం కోసం చదువుతాను. పత్రికలో సీరియల్‌గా వారానికో నెలకో కొంచెం కొంచెంగా అచ్చయ్యే కథ రాయడం తేలికైన పనేమీ కాదు. చదివే మనిషి మధ్యలో పత్తికి మందు కొట్టించాలి, పిల్లాడికి ఫీజు కట్టాలి, పెళ్లికి పోయి రావాలి. ఇవన్నీ చూసుకుని వచ్చేసరికి కథ గుర్తుండాలి, పోయినసారి ఆగినచోట పడ్డ బెంగ అలాగే ఉండాలి. పది మంది పాత్రలుంటే పది మందినీ మళ్లీ పరిచయం చేసే చోటు లేదు. ఈ ఇరుకులోంచే తెలుగు సీరియల్‌కు దాని మెళకువలు వచ్చాయి. కొత్త నవలలు బోల్తా పడేదీ ఎక్కువగా అక్కడే.

ప్రేమకథల మెళకువల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఉద్యోగం. ‘సెక్రటరీ’ జ్యోతి మాసపత్రికలో వచ్చింది. పేరే ఒక కొలువు పేరు. కోడూరి కౌసల్యాదేవి ‘ప్రేమనగర్’లో లత కూడా సెక్రటరీయే. ఇది కాకతాళీయం అనుకోను. చదువుకున్న మధ్యతరగతి పిల్లను డబ్బున్న పరాయి మగాడి ఎదుట, పెళ్లిచూపుల పీట మీద కాకుండా, కుర్చీలో కూర్చోబెట్టడానికి ఆ రోజుల్లో రచయిత్రికి ఉన్న మర్యాదైన దారి ఉద్యోగమే. జీతం ఉంది కాబట్టి ఆమె మాట తిప్పికొట్టగలదు. జీతం అవసరం కాబట్టి విసురుగా వెళ్లిపోలేదు. ఈ రెండింటి మధ్య నలిగే అభిమానమే కథను నడుపుతుంది. యద్దనపూడి ప్రకరణాలు ప్రమాదం దగ్గర ఆగడం తక్కువ. చెప్పబోయి మింగేసిన మాట దగ్గర ఆగుతాయి. ఎవరి ప్రాణమూ పోదు. అయినా వచ్చే నెల దాకా నిద్ర పట్టదు.

రాజశేఖరాన్ని ఈ కాలపు కళ్లతో చూస్తే కొంచెం ఇబ్బందే. చెప్పకుండా చెయ్యడం, తన ఇష్టాన్ని ఎదుటివాళ్ల మేలుగా లెక్కగట్టడం, కోపాన్ని ప్రేమకు రుజువుగా చూపించడం ఆ కాలపు నాయకుల జబ్బు. సినిమాల్లో అది చెంపదెబ్బ దాకా వెళ్లింది. ఈ ఒక్క విషయంలో కొత్తవాళ్లకు నా ఓటు. కొలీన్ హూవర్ 2016లో రాసిన ‘ఇట్ ఎండ్స్ విత్ అస్’లో భర్త చెయ్యి ఎత్తితే అది దెబ్బే, దానికి ఇంకో పేరు లేదు. అతను అందగాడు, డాక్టరు, తర్వాత ఏడుస్తాడు కూడా. ఇవేవీ రచయిత్రి అతని ఖాతాలో జమ వేయదు. వాక్యం మాత్రం పలచన. పూలకొట్టు పెట్టుకున్న నాయిక చేతికి ఒక్క పువ్వు వాసనన్నా అంటినట్టు ఉండదు.

ఆ పాత తెలుగు నవలల్ని తెరకెక్కించడంలో పెద్ద చెయ్యి మా ప్రాంతం వాడిదే. కారంచేడులో పుట్టిన దగ్గుబాటి రామానాయుడు 1971లో ‘ప్రేమనగర్’, 1973లో ‘జీవన తరంగాలు’, 1976లో ‘సెక్రటరీ’ తీశాడు. మూడూ ఆడవాళ్లు రాసిన నవలలే. పేజీలో గొంతు దగ్గర ఆగిన మాటను తెర మీద పాట పూర్తిచేసింది. ఇంకో సంగతీ చెప్పాలి. అదే కారంచేడులో 1985 జూలైలో దళితులను వెంటాడి చంపారు. 1991 ఆగస్టులో చుండూరులో మళ్లీ చంపారు. ఈ నేల మీద ఇంతమంది చదువుకున్న ఆ ప్రేమకథల్లో జంట మధ్య అడ్డం ఎప్పుడూ డబ్బే, కులం కాదు. నాయకుడికి ఇంటిపేరు వినపడదు, ఊళ్లో ఏ వైపు ఇల్లో తెలియదు. ఇదీ ఒక మెళకువే. ఎవరు చదివినా తమవాడే అనుకునే వీలు అందులో ఉంది. నిజమైన అడ్డాన్ని తప్పించుకునే వీలూ అందులోనే ఉంది. ఈనాడు ఫోన్ యాప్‌లలో భాగాలుగా వచ్చే తెలుగు సీరియల్స్ ఆ పాత తప్పించుకోవడాన్ని మాత్రం భద్రంగా అందిపుచ్చుకున్నాయి.

ఇక మంత్రాలూ మాయలూ. వాటికోసం తెనాలి వెళ్లాలి. శరత్ నవలల్ని బెంగాలీ నుంచి తెలుగు చేసిన చక్రపాణి తెనాలి మనిషి. నాగిరెడ్డితో కలిసి 1947 జూలైలో మద్రాసు నుంచి పిల్లల పత్రిక ‘చందమామ’ మొదలుపెట్టాడు. 1952 నుంచి 1980లో పోయేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావూ తెనాలివాడే. ఆయన హేతువాది, మార్క్సిస్టు. ఆయన నడిపే పత్రికలో ఒంటికన్ను మాంత్రికులు నెలనెలా తిరిగారు! నాకిది ఎప్పుడూ తమాషాగానే ఉంటుంది. ఆ మాంత్రికుల కథలు రాసింది అదే సంపాదకవర్గంలో పనిచేసిన దాసరి సుబ్రహ్మణ్యం. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’ అంటూ ఏళ్ల తరబడి రాశాడు. కథ మీద ఆయన పేరు ఉండేది కాదు. పిల్లలకు ఏకాక్షి తెలుసు, చతుర్నేత్రుడు తెలుసు, రాసిన మనిషి తెలియదు.

దాసరి ప్రకరణం ఒకటి ముందు పెట్టుకుని చూడండి. మొదట బ్రాకెట్లలో నాలుగైదు వాక్యాల జరిగిన కథ. పోయిన నెల పత్రిక దొరకనివాడు కూడా ఆ నాలుగు ముక్కలతో పడవ ఎక్కేస్తాడు. కథను కుదించి చెప్పడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు అంతకన్న మంచి పాఠం నాకు తెలియదు. తర్వాత, పోయిన నెల గొంతు మీద పెట్టిన కత్తి. దాన్ని అయిదారు వాక్యాల్లోనే తీసేస్తాడు, సాగదీయడు. కానీ తీసిన పద్ధతిలోంచే ఇంకో పెద్ద చిక్కు పుడుతుంది. ఆపద తప్పడం వేరు, ఆపద రూపం మారడం వేరు. దాసరి ఎంచుకునేది రెండోదాన్ని. వర్ణన దాదాపు ఉండదు. ఆ పని చిత్రకారుడు ‘చిత్ర’కు వదిలేశాడు. నరవానరం ఎంత ఎత్తు, కోట బురుజు ఎలా ఉంది, మాంత్రికుడి మెడలో ఏం వేలాడుతోంది, అన్నీ బొమ్మలో ఉంటాయి. అందుకే వాక్యంలో క్రియ ఎక్కువ, విశేషణం తక్కువ. ఈనాటి ఫాంటసీలు రాజమందిరపు పరదాల రంగుకు రెండు పేజీలు ఖర్చుపెడుతుంటే నాకు ‘చిత్ర’ గుర్తొస్తాడు.

అన్నిటికన్నా ముఖ్యం, మంత్రానికి హద్దు. ‘తోకచుక్క’లో ఏకాక్షికీ చతుర్నేత్రుడికీ బద్ధవైరం. ఇద్దరికీ శక్తులున్నాయి, ఇద్దరికీ భయాలూ ఉన్నాయి. వాళ్ల మధ్య ఏ మంత్రమూ రాని సేనాని సమరసేనుడు కొద్దిమంది సైనికులతో ఇరుక్కుంటాడు. మంత్రగాడు సర్వశక్తిమంతుడైతే సమరసేనుడికి కథలో పనే లేదు. ‘ముగ్గురు మాంత్రికులు’లో పింగళుడు చేపలు పట్టుకు బతికేవాడు. వల పడితేనే కూడు. మాయలోకం గుమ్మం దాకా ఆకలితోనే వస్తాడు కాబట్టి ఆ లోకాన్ని మనం నమ్ముతాం.

1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వచ్చేసరికి మాంత్రికుడు పట్నం ఇంట్లోకి వచ్చాడు. చిన్నపిల్ల తులసి మీద చేతబడి. యండమూరి కొత్త ఎత్తు ఏమిటంటే, ప్రతి ఘటనకూ మాంత్రికుడి లెక్క ఒకటి, డాక్టరు లెక్క ఒకటి పక్కపక్కన నడిపించాడు. చివరికీ ఏది నిజమో తేల్చలేదు. మూఢనమ్మకాలు పెంచాడని తిట్టినవాళ్లున్నారు. తిట్టులో న్యాయం లేకపోలేదు. చేతబడి పేరుతో మనుషుల్ని చంపే దేశం మనది. కానీ చేతి పనిగా చూస్తే ఆ రెండు లెక్కల నడక అసాధారణం. నేటి తెలుగు హారర్ రాసేవాళ్లలో చాలామంది ఒక్క లెక్కనే సరిగ్గా నడపలేకపోతున్నారు.

ఈ పాత సీరియళ్లను జనం చదివిన తీరు కూడా వాటి రూపాన్ని తీర్చింది. చిలకలూరిపేట, నరసరావుపేట వంటి ఊళ్లలో అద్దెపుస్తకాల కొట్లుండేవి. లోపలి పేజీ మీద కొట్టు రబ్బరుముద్ర, వెనక అట్టకు అంటించిన తేదీల కాగితం, అక్కడక్కడా పెన్సిలుతో ముందు పాఠకురాలి తిట్లు. కొనలేనివాళ్లు, అద్దె కూడా దండగ అనుకున్నవాళ్లు వారపత్రికలోంచి సీరియల్ పేజీలు చింపి దాచి, అన్నీ పోగయ్యాక బైండు చేయించేవారు. అలాంటి బైండు ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. లైను మొదటి అక్షరాలు కుట్టులోకి పోయాయి, ఊహించి చదువుకోవాలి. కథ వెనకపేజీలో సగం వంకాయ కూర, కింద తలనూనె ప్రకటన. 1980లలో తెల్లదోమ పత్తిని ఊడ్చేసిన ఏళ్లలో కూడా కొన్ని ఇళ్లలో పత్రిక మానలేదు.

పైకి చదవడం ఇంకో సంగతి. మిరపకోతలు అయ్యాక కల్లం మీద తాలుకాయలు ఏరుతూ కూర్చున్న ఆడవాళ్ల మధ్య, చదువొచ్చిన పిల్ల ఒకతి సీరియల్ చదివేది. వినేవాళ్ల చేతులు ఆగకూడదు, ఘాటుకు దగ్గు వస్తుంటుంది. అక్కడ మెలికల వాక్యం చెల్లదు. ఎవరు ఎవరితో అన్నారో మాటతీరులోనే తెలియాలి. యద్దనపూడి సంభాషణలు ఈ పరీక్షకు నిలుస్తాయి. ఫోన్ సీరియల్స్ కొన్ని నేను పైకి చదివి చూశాను. అత్త, కోడలు, విలన్ ముగ్గురూ ఒకే గొంతుతో మాట్లాడతారు.

పాత పత్రికల బైండ్లు పద్ధతిగా చూడాలంటే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918లో మొదలైన గ్రంథాలయం. 1929లో గాంధీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశాడు, ఆయన చేతికర్ర అక్కడే ఉంది. జిల్లాల గీతలు మారి గుంటూరు, ప్రకాశం దాటి ఇప్పుడు బాపట్ల లెక్కలోకి వచ్చింది. సీరియల్‌ను పుస్తకంగా కాక పత్రికలో, చుట్టూ ఉన్న ధరలూ ప్రకటనలతో సహా చూస్తే అది వేరే వస్తువు.

కొత్తవాటిలో తాలు ఏరితే మిగిలేవి లేకపోలేదు. ‘ఫోర్త్ వింగ్’కు నేను మంచి మార్కులే వేస్తాను. వయొలెట్‌వి తేలిగ్గా జారిపోయే కీళ్లు. కండబలం లేదు కాబట్టి చదివిన చదువుతో, విషాలతో నెగ్గుకొస్తుంది. శక్తికి హద్దు ఉంది, వాడితే ఒళ్లు కాలుతుంది. దాసరి మెచ్చే పద్ధతి. 2023లోనే వచ్చిన రెండో భాగం ‘ఐరన్ ఫ్లేమ్’లో మాత్రం “నా దగ్గర దాచావు” అనే ఒక్క తగువునే గది మార్చి గది మార్చి ఆడించారు. సారా జె. మాస్ 2015 నవల ‘ఎ కోర్ట్ ఆఫ్ థోర్న్స్ అండ్ రోజెస్’ మొదలు అద్భుతం: మంచులో వేటాడి ఇంటిల్లిపాదినీ సాకే ఫేయ్రా, అచ్చం మన పింగళుడే. మాయలోకంలో అడుగుపెట్టాక ఆ ఆకలిని రచయిత్రి మర్చిపోయింది. గౌన్లు, విందులు, అందగాళ్లు. నేను రెండో భాగం దగ్గర దిగిపోయాను.

తెలుగు ఫోన్ సీరియల్స్ చిక్కు వేరు. తర్వాతి భాగం తెరవాలంటే నాణేలు కట్టాలి, భాగాలు పెరిగితే రాసేవాళ్లకు నాలుగు రాళ్లు. అందుకని ఆపడం నేర్చుకున్నారు, ముగించడం నేర్చుకోలేదు. కోటీశ్వరుడైన కఠినాత్ముడు, ఒప్పందం పెళ్లి, నూట యాభై భాగాలు. సంపాదకుడు అనేవాడు లేడు. ఈ రాసే అమ్మాయిల్లో చురుకైనవాళ్లున్నారు. నాయిక చీటీపాట అప్పునూ డ్వాక్రా వాయిదానూ లెక్కతో సహా రాసినవాళ్లున్నారు. వాళ్ల కథను ముప్పై భాగాలకు కత్తిరించే ఒక కుటుంబరావు దొరికితే బావుణ్ణు.

మరి మా పిల్లల ప్రశ్న: తెలుగులో మన సొంత డ్రాగన్ కాలేజీ ఏదీ? మాచర్లకు అవతల నాగార్జునకొండ లోయ ఉంది. ఇక్ష్వాకుల విజయపురి, బౌద్ధ విహారాలు, దూరదేశాల నుంచి వచ్చిన భిక్షువులు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వి, దొరికినవాటిని కొండ మీదికీ అనుపుకూ చేర్చాక లోయను నాగార్జునసాగర్ నీళ్లకు వదిలేశారు. మునిగిపోయిన విద్యాపీఠం, రసవాదం తెలుసునని జనం చెప్పుకునే ఆచార్య నాగార్జునుడు, పైన లాంచీ. ఫాంటసీ రాసేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? ఆ నవల ఎవరన్నా మొదలుపెడితే ఒక్క మనవి. మొదటి భాగంలో రసవాదం వద్దు. లాంచీ టికెట్టు ఎంతో, ఆ డబ్బులు నాయిక ఎక్కడ అప్పు చేసిందో రాయండి. నాణేలు కట్టి రెండో భాగం తెరుస్తాను.