వెనక అట్ట మీద శవం

అపరాధ పరిశోధక నవల వెనక అట్ట మీది నాలుగు వాక్యాలను విమర్శకులు పట్టించుకోరు. పాఠకుడు డబ్బు తీసేది మాత్రం అవి చదివే. ఒకప్పటి అద్దె పుస్తకాల షాపుల్లో ఇలాంటివి చాలా తిరగేశాను. ‘ఒళ్లు గగుర్పొడిచే’, ‘ఊపిరి బిగబట్టించే’ విశేషణాలూ, పక్కన ఒక అర్ధనగ్న స్త్రీ శవమూ. తీరా చదివితే లోపల ఆ శవం ఊసే ఉండదు! చచ్చిన ఆడదాన్ని కూడా సరుకు చేసే ఈ వ్యాపారాన్ని ఊరింపు అనలేం.

వేరే దారి లేకపోలేదు. అమెరికాలో డెల్ సంస్థ 1943 నుంచి కొన్నేళ్లపాటు తన చౌక నవలల వెనక అట్ట మీద నేరం జరిగిన చోటి పటం అచ్చువేసింది. (ముందు అట్టల సంగతి వేరు.) ఆ పటం పాఠకుడి బుద్ధికి పని చెప్పింది.

అగాథా క్రిస్టీ 1926లో ప్రచురించిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఏక్రాయిడ్’కు నన్ను రాయమంటే ఇంతే రాస్తాను: ‘డబ్బున్న వితంతువు చనిపోయింది. తనను బెదిరించి డబ్బు గుంజినదెవరో చెబుతూ ఆమె రాసిన ఉత్తరం ఊళ్లోని ధనికుడికి అందింది. ఆ రాత్రే అతను హత్యకు గురయ్యాడు. ఉత్తరం మాయమైంది.’ నేరం వెనక డబ్బుందని దాచలేదు. ఏ పాత్ర మంచిదో, ఏది అనుమానించదగినదో ఒక్క ముక్క చెప్పను. ఎందుకో నవల చదివినవారికి తెలుసు.